పాట రాని పూర్వ విద్యార్థిని

మా బడి పాట మొదలైతే నా పాదాలు వాటంతట అవే దగ్గరికొస్తాయి. నాకే కాదు, మా అందరికీ అంతే. యాభై దాటిన ఆడవాళ్ళం, మోకాళ్ళ నొప్పులవాళ్ళం, షుగరు మాత్రలు సంచిలో వేసుకుని వచ్చినవాళ్ళం, హాల్లో వరసకట్టి, చేతులు పక్కలకు ఆనించి, గడ్డం కాస్త ఎత్తి పాడతాం. ఇంగ్లీషు పాట. పదో తరగతితో ఆ బడి వదిలేసినా, ఏటా డిసెంబరులో ఒక శనివారం మేడ్చల్ దగ్గరున్న ఆ కాన్వెంటుకు వచ్చి మళ్ళీ పాడతాం. దానికి పూర్వ విద్యార్థినుల సంఘం అని ఒక పేరు కూడా పెట్టుకున్నాం.

కొన్నేళ్ళ క్రితం అలా పాడుతున్నప్పుడు నా పక్కన ఒక కొత్త మనిషి నిలబడింది. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. మా యూనిఫామ్ రంగు మెరూన్. సరిగ్గా ఆ రంగు అంచున్న పట్టుచీర కట్టుకుంది. మెడలో బరువైన గొలుసు, నుదుట రూపాయంత బొట్టు. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ పాట కంటే ఒక క్షణం వెనక కదులుతున్నాయి. వేదిక మీద నిలబడి పాడిస్తున్న టీచరు నోటినే చూస్తోంది. టీచరు పలికాక ఆ మాట ఆకారం ఈమె నోటి మీదికి వస్తోంది. చరణం మారేచోట మేమంతా ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఈమె నోరు ఇంకా కదులుతూనే ఉంది.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, ముడిసరుకును పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. డ్రమ్ము మీద ఏ పేరు అంటించి ఉన్నా, లోపల ఉన్నది అదేనని నమ్మకపోవడమే నా పని. ఎంత తెలిసినవాళ్ళు పంపినా ప్రతిసారీ కొంచెం తీసి పరీక్ష చేయాల్సిందే. ఆ అలవాటు ల్యాబ్ బయట కూడా నన్ను వదల్లేదు. మా ఆయన దాన్ని జబ్బంటారు.

టీ తాగేచోట ఆమెను పలకరించాను.

"మీరు ఏ బ్యాచండీ?"

"మీ ఎన్కనే అక్కా. రెండేండ్లు చిన్న."

"లెక్కల టీచరుకు మనం పెట్టిన పేరు గుర్తుందా?"

"లెక్కలంటేనే నాకు బయ్యం. ఇగ టీచర్ల పేర్లు యాడ గుర్తుంటయి?"

"మేడ మీద సైన్సు గది? అక్కడ గాజు బీరువాలో పాము ఉండేది."

ఆమె కప్పులోకి చూసింది. "మేడ సంగతులు అంతగా యాదికి లేవు అక్కా. కింద ప్రార్థన గది బయట బండలు సల్లగ ఉంటుండె గద. ఎండల ఆడొచ్చి, చెప్పులిడిచి గాడ నిలవడితె పానం లేసొస్తుండె."

ఆ మాట నిజం. ఆ బండల చల్లదనం బయటివాళ్ళకు తెలిసేది కాదు. కానీ మా బడిలో ఏడో తరగతి దాకా కింద, ఎనిమిది నుంచి మేడ మీద. ఈ మనిషికి కింది గదులన్నీ తెలుసు. మేడ మాత్రం ఎక్కినట్టు లేదు.

సంఘం కార్యదర్శి నా చిన్ననాటి స్నేహితురాలు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మాది. ఇప్పుడు మేడ్చల్‌లోనే పళ్ళ డాక్టరు. ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"నీకు తెల్వదా? కౌన్సిలరమ్మ. శామీర్‌పేట చెరువు అవతల ఊర్ల వాళ్ళ అమ్మగారిల్లు. భర్తది రియల్ ఎస్టేట్. మన గేటు దాకా సిమెంటు రోడ్డు వేయించింది ఆమెనే. లైట్లు కూడా. మనం ఎన్ని అర్జీలు పెట్టినం చెప్పు, ఎవరన్నా పట్టించుకున్నరా?"

"ఇక్కడ చదివిందని నీకెవరు చెప్పారు?"

"ఆమెనే చెప్పింది. చదవకుంటె ఎందుకు చేస్తది ఇదంతా?"

నన్ను పట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్నే. చదవకపోతే ఎందుకు చేస్తోంది?

కాన్వెంటులో చదివామంటే మా చుట్టుపక్కల జనం ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. పొగరు ఉంటుందని, వంట రాదని, పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకుంటామని. అన్నిటికీ మించి, సిస్టర్లు మమ్మల్ని మెల్లగా మతంలో కలిపేసుకుంటారని. నిజానికి మా తరగతిలో సగానికి పైగా నాలాంటి వ్యవసాయదారుల పిల్లలమే. కొద్దిమంది క్రైస్తవులుండేవారు. తెలుగులో మాట్లాడితే వాళ్ళకూ మాకూ పడే దెబ్బ ఒక్కటే. సిస్టర్లు మాకు అంటించింది వేరే. గుండ్రని చేతిరాత, చిత్తుకాగితం కింద కనిపిస్తే తీయకుండా ఉండలేకపోవడం, ఒకరి కోసం ఒకరు ఎక్కడైనా లేచి నిలబడటం. ఒకసారి మా ల్యాబ్‌కు ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి దరఖాస్తులో అక్షరాల వంపు చూడగానే మా బడి పిల్లని గుర్తుపట్టాను. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆమె తెలివైనదే, కానీ ఆ వంపు చూడకపోతే ఆమె తరఫున అంత గట్టిగా మాట్లాడేదాన్నా అంటే చెప్పలేను. మా మేనేజరు నవ్వి, "మీ కాన్వెంటోళ్ళది ఒక కులం మేడం" అన్నాడు.

మా అత్తమ్మకు ఆ కులం అంటే మొదటినుంచీ అనుమానమే. సంబంధం మాట్లాడేటప్పుడే "బొట్టు పెట్టుకుంటదా" అని అడిగించింది. పదో తరగతి పరీక్షల ముందు సిస్టర్ మా అందరికీ మేరీమాత బొమ్మున్న చిన్న బిళ్ళ ఇచ్చారు. దాన్ని పర్సులో ఒక మూల దాచుకున్నాను. పెళ్ళయ్యాక అది కనిపించకుండా పోయింది. కొన్నాళ్ళకు పూజగదిలో, నరసింహస్వామి పటం పక్కన దొరికింది. అడిగితే అత్తమ్మ తడబడలేదు. "దేవతనే గద. పర్సుల ఎందుకు? ఈడుంటె అందరి కండ్ల ముంగట ఉంటది." అది భక్తో కాపలానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బిళ్ళ ఇంకా అక్కడే ఉంది. దీపం వెలిగించేటప్పుడు దానికీ కుంకుమ పెడుతుంది.

ఆ డిసెంబరు తర్వాత ఒక ఆదివారం గుండ్లపోచంపల్లిలోని మా ఇంటి నుంచి మేడ్చల్ వెళ్తున్నాను. మా బడి ఆటస్థలం ఒక పక్క జాతీయ రహదారి వైపు ఉంటుంది. ఒకప్పుడు దాని చుట్టూ జొన్నచేలు. ఇప్పుడు అటూ ఇటూ గోదాములు, వాటి ముందు లారీలు. ఆటస్థలం అంచున తెల్ల కారు ఆగి ఉంది. కౌన్సిలరమ్మ నిలబడి చూస్తుంటే ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని నేల కొలుస్తున్నారు. నేను స్కూటీ ఆపలేదు. కానీ ఆ రోజంతా నా మనసు అక్కడే ఆగిపోయింది.

సిస్టర్లు తగ్గిపోయారు. ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. రోడ్డు పక్కన అంత ఖాళీ జాగా మా వైపు ఇంకెక్కడా లేదు. వెంచర్లు వేసే మనిషి భార్య, తాను చదవని బడికి రోడ్డు వేయించి, ఇప్పుడు టేపు పట్టించి కొలుస్తోంది. నా స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను.

"నీకు అన్నిట్ల అనుమానమే" అంది. "ఆమె బడి కోసం తిరుగుతుంటె కొలుస్తుందంటవు, రోడ్డేస్తె ఎందుకంటవు. మనమేం చేసినం చెప్పు? ఏడాదికొకసారి వచ్చి పాట పాడి, కేకు తిని పోతం."

ఆ మాట నాకు తగిలింది. అయినా ఊరుకోలేకపోయాను.

మా కాలపు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఇంకా బడి వెనకున్న సిస్టర్ల మఠంలోనే ఉంటారు. ఎనభై దాటాయి. కేరళ నుంచి వయసులో ఉన్నప్పుడు వచ్చి తెలుగును వ్యాకరణం పుస్తకాల్లో నేర్చుకున్నారు. ఇప్పటికీ అలాగే మాట్లాడతారు. మమ్మల్ని మాత్రం వాళ్ళ భాషలో "మోళే" అంటారు, బిడ్డా అని. శాలువా కప్పుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి నా పేరు, మా అక్క పేరు, తొమ్మిదో తరగతిలో నేను చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి అన్నీ చెప్పారు. కాబట్టి జ్ఞాపకం బాగానే ఉంది. అప్పుడు కౌన్సిలరమ్మ గురించి అడిగాను.

"ఆ అమ్మాయి మన బడిలో చదివినదా అని కదా నీ ప్రశ్న? చదివినది."

"ఎంతవరకు సిస్టర్?"

"ఎంతవరకు అనునది నీకు ఎందుకు?"

"ఆటస్థలం కొలిపిస్తోంది సిస్టర్. నేను చూశాను."

"నేను కూడా చూచితిని. నాకు కన్నులు ఉన్నవి, మోళే." కప్పు నా వైపు జరిపి, "టీ చల్లారుచున్నది, తాగుము" అన్నారు.

అబద్ధం చెబితే మమ్మల్ని మోకాళ్ళ మీద నిలబెట్టిన మనిషి ఆమె. ఏ ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పమనే మనిషి. ఇప్పుడు తానే మాట తప్పిస్తున్నారు. గేటు దాటి బయటకు వస్తుంటే నాకు ఇంకో అనుమానం మొదలైంది. చుట్టూ గోదాములవాళ్ళున్నచోట, అండలేని ముసలి సిస్టర్లకు ఒక కౌన్సిలర్ కావాలి. ఆమెకు ఈ బడి పేరు కావాలి. ఇద్దరూ కలిసి మమ్మల్ని నమ్మిస్తున్నారా?

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె పుట్టినిల్లు శామీర్‌పేట చెరువుకు అవతలి ఊరు. కౌన్సిలరమ్మదీ అదే ఊరని నా స్నేహితురాలు చెప్పిన గుర్తు. పక్కన కూర్చుని నేనూ కాయలు అందుకున్నాను.

"అత్తమ్మా, మీ ఊరి కౌన్సిలరమ్మ మా బడిలో చదివిందా?"

"వాళ్ళ నాయిన నాకు అన్న వరస. ఆ పిల్ల కాన్వెంట్ల ఏడ సదివింది? ఆరో తరగతిల ఏసిండ్రు. దసర దాక పోయింది. మాన్పిచ్చిండ్రు."

"ఎందుకు?"

"పోచమ్మ బోనాల నాడు పిల్లలందర్ని వరసల కూసుండవెట్టి యాటకూర వడ్డిచ్చిండ్రు. నేను గూడ పండుగకు పోయిన. అందరు తింటున్నరు. గీ పిల్ల ఒక్కతి కండ్లు మూసుకొని, చేతులు జోడిచ్చి ఏందో ఇంగిలీసుల అనుకుంటాంది. అయినంక నొసలు ముట్టుకుంది, ఛాతి ముట్టుకుంది, బుజాలు ముట్టుకుంది. నేను ఎదురుంగనే నిలవడ్డ. సూశిన."

"చూసి?"

"సూసి చెప్పిన." ఆమె వేళ్ళు ఆగలేదు. "పిల్ల వాళ్ళల్ల కలుస్తాంది అని మా వదినెకు చెప్పిన. ఆమె ఇంకొకలకు చెప్పింది. ముచ్చట పిల్ల తాత చెవుల వడ్డది. దసర సెలవులయినంక మల్ల తోలియ్యలె."

"అన్నం ముందు మేమందరం అలాగే చేసేవాళ్ళం అత్తమ్మా. బడిలో అదొక అలవాటు. నేనూ చేశాను పదేళ్ళు."

"అవ్. అందుకే నువ్వొచ్చిన కొత్తల నేను అన్నం కాడ నీ చేతులే సూస్తుంటి."

నా చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను తింటుంటే ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. కదిలేది కాదు. మా అమ్మకు ఫోన్‌లో ఎంతో మురిపెంగా చెప్పుకున్నాను, అత్తమ్మ దగ్గర కూర్చుని తినిపిస్తుందని.

"ఆ పిల్ల చదువు పోయింది కదా అత్తమ్మా. తప్పనిపించలేదా?"

"అప్పుడనిపియ్యలె."

"ఇప్పుడు?"

"ఇప్పుడామె నాకంటె పెద్ద బొట్టు పెట్టుకుంటది" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తమ్మ చెప్పిన దాంతో ఒక సంగతి తేలింది, కానీ రెండోది తేలలేదు. ఆమె మేడ ఎందుకు ఎక్కలేదో తెలిసింది. టేపు ఎందుకు పట్టించిందో తెలియలేదు. చిన్నప్పుడు అన్యాయం జరిగిన మనిషి పెద్దయ్యాక జాగా మీద కన్నేయదని ఎక్కడా లేదు.

ఆ వారం మధ్యలో సెలవు పెట్టి నేరుగా వెళ్ళాను. బడి గేటు దగ్గర మురుగు కాలువ పని జరుగుతుంటే ఆమె గొడుగు వేసుకుని చూస్తోంది. నన్ను చూడగానే నవ్వింది. నేను నవ్వలేదు.

"ఆటస్థలం ఎందుకు కొలిపించావు?"

ఆమె గొడుగు మూసింది. "మా ఆయన కొలిపియ్యమన్నడు అక్కా. పక్క గోదామోళ్ళకు లారీలు తిరగనీకి తొవ్వ గావాలె. సిస్టర్లను అడిగి ఇప్పియ్యమని ఆయనను పట్టుకున్నరు. ఆయన నాకు చెప్పిండు. కొలిస్తె ఏం తేలిందంటె, వాళ్ళ గోడనే ఇప్పటికే బడి జాగలకు వచ్చింది. నేను పోయి సిస్టర్‌కు చెప్పిన. గప్పటి సంది మా ఇంట్ల నాకు మాటల్లేవు."

"నువ్వు ఇక్కడ పది చదవలేదు."

"లేదు."

"మరి నా వెనక బ్యాచ్ అన్నావు?"

"సదివితె గదే బ్యాచ్ గద." మూసిన గొడుగును చంకలో పెట్టుకుంది. "దసరయినంక ఒకనాడు నేనే యూనిఫామ్ ఏసుకొని, ఇంట్ల చెప్పకుంట బస్సెక్కి వచ్చిన. సిస్టర్ గేటు కాడనే ఆపింది. క్లాసుల కూసుండనియ్యలె. ఆఫీసుల కూసుండవెట్టి బిస్కెట్లిచ్చి, మా నాయినకు కబురు వంపింది. ఆయన వచ్చేదాక మీరందరు హాల్ల గా బడి పాట నేర్చుకుంటున్నరు. డిసెంబర్ల ఏందో ఫంక్షన్ ఉండె గద, దానికి. గోడకు ఇవతల కూసోని ఇన్న. మాటలు సక్కగ ఇనవడలె, రాగం ఒక్కటే ఇనవడ్డది."

సిస్టర్ ఎందుకు మాట తప్పించారో అప్పుడు నాకు అర్థమైంది. ఆ పిల్లను గేటు దగ్గర ఆపింది ఆమే. తండ్రి మాట కాదని ఒక సిస్టర్ హిందువుల పిల్లను లోపల కూర్చోబెట్టుకుంటే ఆ ఊళ్ళో ఇంకా ఏమనేవారో ఆమెకు తెలుసు. ఆ భయంతోనే పంపేసి ఉంటారు.

నేను కౌన్సిలరమ్మ మాటలు నమ్మాను. నమ్ముతూనే, తిరుగుదారిలో ఆటస్థలం దగ్గర ఆగి గోదాము గోడను చూశాను. అది ముందుకు జరిగిన మాట నిజమే. కొత్త ఇటుకలు పాత కంచె స్తంభాలను దాటి లోపలికి వచ్చి ఉన్నాయి. ఇంకా ఏం చూడాలని అక్కడ చాలాసేపు నిలబడ్డానో తెలియదు.

ఆ సంగతులన్నీ నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె మెత్తబడుతుందనుకున్నాను. కానీ కోపం తెచ్చుకుంది. తనను మోసం చేశారంది. మొన్నటిదాకా ఆ కౌన్సిలరమ్మను నెత్తిన పెట్టుకున్న మనిషే తర్వాతి కమిటీ సమావేశంలో, అందరి ముందు అడిగేసింది.

"మీరు ఇక్కడ పది చదవలేదట. మన సంఘంల పది పాసైనోళ్ళకే సభ్యత్వం. మీరు మాకు చెప్పలేదు."

కౌన్సిలరమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఊరి గొడవలు తీర్చిన మనిషి కదా, గొంతు పెంచలేదు.

"ఎవరు అడగలే. ఆ అక్క ఒక్కతే అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పిన. ఆరో తరగతి, దసర దాక. అంతే సదివిన."

ఎవరో వెనక నుంచి నెమ్మదిగా, "మధ్యలో మానేసినవాళ్ళందరినీ చేర్చుకుంటే ఇక సంఘం ఎందుకు?" అన్నారు.

అప్పుడు నేను లేచాను. లేవాలని ముందుగా అనుకోలేదు. "ఆమె మానలేదు. అన్నం ముందు ప్రార్థన చేసిందని మాన్పించారు. మనమందరం చేసిన ప్రార్థనే. చూసి ఊళ్ళో చెప్పింది మా అత్తమ్మ." ఇంకేదో చెప్పబోయి కూర్చున్నాను. మా ఇంటి మాట నలుగురిలో పెట్టేశానని అప్పుడు తెలిసొచ్చింది.

నా స్నేహితురాలు సర్దుబాటుగా ఒక మాట అంది. రూలు రూలే, కాబట్టి ఆమెను గౌరవ సభ్యురాలిగా తీసుకుందాం అని. అందరూ తేలికపడ్డారు. కౌన్సిలరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"గౌరవం నాకు బయట మస్తుగ ఉంది అమ్మా. సభ్యత్వం ఇస్తె ఇయ్యున్రి. లేకుంటె లేదు" అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె బడివైపు రాలేదు. గోదాము గోడ గురించి సిస్టర్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారని విన్నాం. వానాకాలం వచ్చేసరికి గోదామువాళ్ళు గోడ వెనక్కి జరుపుకున్నారు. బడి చుట్టూ ప్రహరీ లేచింది. దాని వెనక ఆమె చెయ్యి ఉందని అందరికీ తెలుసు. గేటు పక్కన ఒక పెద్ద ఫ్లెక్సీ కూడా వెలిసింది, ఆమె దండం పెడుతున్న ఫోటో, పక్కన భర్త ఫోటో, "ప్రహరీ నిర్మాణానికి కృషి చేసిన పూర్వ విద్యార్థిని" అని. సిస్టర్ సాయంత్రానికల్లా దాన్ని తీయించేశారు. మాటలు లేవన్న భర్త ఫోటో అందులోకి ఎలా వచ్చిందని నేను అడగలేదు గానీ, ఆ ఫ్లెక్సీ చూసినప్పటి నుంచి ఆ ప్రశ్న నాతోనే ఉంది.

సంఘం రూలు మార్చుకుంది. బడిలో ఒక్క ఏడాది పేరున్నా, మధ్యలో మానేసినా సభ్యులే. నా స్నేహితురాలే ఆ తీర్మానం చదివింది, గొంతు సవరించుకుని, మా పాత వార్షికోత్సవాల్లో చదివినట్టు. మేం చేతులెత్తాం. అది ఆమెకు జరిగిన అన్యాయం చూసి ఎత్తామో, రోడ్డూ గోడా చూసి ఎత్తామో నేను తేల్చుకోలేకపోయాను. మానేసిన ఒక కూలీవాళ్ళ పిల్ల వచ్చి అడిగి ఉంటే రూలు మార్చేవాళ్ళమా? ఆ మాట పక్కనున్నామెతో అంటే, "ఇప్పుడది ఎందుకు" అంది.

కౌన్సిలరమ్మ సభ్యురాలైంది. ఆమె పదవీకాలం అప్పటికి అయిపోయింది. ఒక మధ్యాహ్నం ముందు చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. అత్తమ్మను చూసి "బాగున్నవా అత్తా" అంది. వరసకు ఆమెకు మేనత్తే. అత్తమ్మ కంగారుపడింది. వెంటనే కంచం పెట్టమంది. నేను అన్నం, పప్పు, గోంగూర వడ్డించాను. ఇద్దరూ ఊరి సంగతులు మాట్లాడుకున్నారు. ఎవరు పొలం అమ్ముకున్నారో, ఎవరి మోకాళ్ళకు ఆపరేషన్ అయిందో, చెరువు నీళ్ళు ఎందాక వచ్చాయో. అత్తమ్మ ఆమె ముఖం వైపు చూడటం లేదు, కంచం వైపూ చూడటం లేదు. ఉన్నట్టుండి అంది:

"నేనే చెప్పిన బిడ్డా. అప్పుడు."

"ఎరుకనే అత్తా" అంది ఆమె, ముద్ద కలుపుతూ. "మా అవ్వ పోయే ముందర చెప్పింది."

"మరి గిన్నేండ్లు అడగలేదేందే?"

"అడిగితె ఏమొస్తది? గోంగూర ఇంక జరంత ఎయ్యి అక్కా."

వేశాను. ఆమె తృప్తిగా తింది. వెళ్ళేటప్పుడు అత్తమ్మ బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఆమె వంగి అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టింది. కారు గేటు దాటేదాకా అత్తమ్మ బాల్కనీలో నిలబడి చూసింది. తర్వాత లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఊకెనే రాలేదామె. ఎలక్షన్లు వస్తున్నయి గద."

"మన ఓటు ఆమె దగ్గర లేదు అత్తమ్మా. మనం ఈ మున్సిపాలిటీ. ఆమెది వేరే."

అత్తమ్మ కొంగుతో కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"మరెందుకొచ్చినట్టు?"

నేను ఎంగిలి కంచం తీసి సింకు దగ్గరికి తీసుకెళ్ళాను.